కూలరు ఒకటే, డిగ్రీలు వేరు

డబ్లిన్ విమానాశ్రయానికి కాస్త ఉత్తరాన ఉన్న స్వోర్డ్స్ నుంచి మాట్లాడుతున్నాను. ఉద్యోగం కంప్యూటర్లతోనే కాబట్టి, చుట్టుపక్కల మన ఇళ్ళల్లో ఎవరి కంప్యూటరు మొరాయించినా శని ఆదివారాల్లో నాకే కబురొస్తుంది. ఈ మధ్య ఎక్కువగా వినపడుతున్న ప్రశ్న ఒకటుంది. "పత్రికలో ఈ కూలరు పెడితే 65 డిగ్రీలే వస్తుందని రాశారండీ, మా ఇంట్లో 80 చూపిస్తోంది. నకిలీ సరుకు అంటగట్టారంటారా?" ఈ పూట దానికి జవాబు చెప్పుకుందాం.

ముందుగా ఒక మాట. కూలరు అనగానే మన ఊళ్ళల్లో వట్టివేళ్ళ తడికలు కట్టి, నీళ్ళు పోసి తిప్పే కూలరు గుర్తొస్తుంది. నేను చెప్పేది అది కాదు. కంప్యూటరు పెట్టెలో ప్రోసెసరు మీద బిగించే లోహపు రేకుల కట్ట, దానికో ఫ్యాను. ఈ రెండు కూలర్లకీ పేరు ఒకటే గానీ గుణం వేరు. ఊళ్ళో కూలరు నీటిని ఆవిరి చేసి, గది గాలిని ఇంకా చల్లబరుస్తుంది. ప్రోసెసరు కూలరు దేన్నీ చల్లబరచదు. అది ఒట్టి కూలిమనిషి. ప్రోసెసరు దగ్గర పుట్టిన వేడిని మోసుకెళ్ళి గది గాలిలో దింపి వస్తుంది, అంతే. గది 25 డిగ్రీలుంటే ఎంత ఖరీదైన కూలరైనా ప్రోసెసరుని 24కి దింపలేదు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతాదంతా సులువు.

వేడి వస్తువు ఎంత త్వరగా చల్లారుతుందన్నది దానికీ చుట్టూ ఉన్న గాలికీ ఉన్న తేడాని బట్టి ఉంటుందని న్యూటన్ 1701లోనే రాశాడు. మనింట్లో పాలు చల్లార్చే పిల్లకి కూడా తెలిసిన సంగతే ఇది. కాబట్టి కూలరు పనితనాన్ని 65, 80 అని చెప్పడంలో అర్థం లేదు. గది కంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువ, అదీ ఎన్ని వాట్ల వేడి మోస్తున్నప్పుడు, అన్నది చెప్పాలి. 100 వాట్లు మోస్తూ గది కంటే 40 డిగ్రీలు పైన ఉంటే, వాటుకి 0.4 డిగ్రీ అన్నమాట. ఈ అంకె ఎంత తక్కువైతే కూలరు అంత మంచిది.

మరి అదే కూలరు ఇంటింటికీ వేరే అంకె ఎందుకు చూపిస్తుంది? ఒక ఉదాహరణ చెప్తాను. మా పేటలోనే రెండు వీధుల అవతలా ఇవతలా రెండు కుటుంబాలున్నాయి. వాళ్ళ అబ్బాయిలిద్దరూ స్నేహితులు. పార్ట్‌టైం పని చేసి కూడబెట్టిన డబ్బుతో ఇద్దరూ ఒకే ప్రోసెసరు, ఒకే కూలరు కొన్నారు. ఒకే పరీక్ష ప్రోగ్రాము అరగంట నడిపితే మొదటి అబ్బాయికి 66, రెండో అబ్బాయికి 81. పదిహేను డిగ్రీల తేడా! రెండో అబ్బాయి తండ్రి "వెనక్కి పంపించేసి దీనికి రెట్టింపు ధర పెట్టి పెద్దది కొంటాను" అని కూర్చున్నాడు. కొనే ముందు ఒక్క పూట ఆగమన్నాను. గోడకి తగిలించే థర్మామీటరు ఒకటి పట్టుకుని ఇద్దరిళ్ళకీ వెళ్ళాను.

మొదటి అబ్బాయి కంప్యూటరు బాక్స్ రూములో ఉంది. ఐర్లండులో ఇల్లున్న వాళ్ళందరికీ తెలుసు, మెట్లపక్కన మంచం పడితే కుర్చీ పట్టని చిన్న గది. అందులో హీటింగు కట్టేసి ఉంది. గది 17 డిగ్రీలు. రెండో ఇంట్లో కంప్యూటరు హాల్లో, రేడియేటరు పక్కనే బల్ల కింద ఉంది. పెట్టె ముందు థర్మామీటరు పెడితే 24. పదిహేనులో ఏడు డిగ్రీలు అక్కడే తేలిపోయాయి. అందులో కూలరు తప్పు ఇసుమంతైనా లేదు.

పత్రికల్లో పరీక్షించే వాళ్ళకీ ఇదే గొడవ. ఒకాయన చలికాలంలో 19 డిగ్రీల గదిలో పరీక్షిస్తాడు. ఇంకొకాయన ఏసీ పెట్టి 25 దగ్గర నిలబెడతాడు. మంచి పరీక్షకులు గది వేడిని తీసేసి తేడా మాత్రమే వేస్తారు. కొందరు గది సంగతే ఎత్తరు. అలాంటి అంకెలు రెండు పక్కపక్కన పెట్టి ఇది మంచిది, అది చెడ్డది అనుకోవడం, ఇద్దరు పిల్లలు రెండు వేర్వేరు ప్రశ్నపత్రాలు రాస్తే మార్కులు పోల్చడం లాంటిది.

చుట్టూ ఉన్న గాలి ఎంత విలువైనదో తెలియాలంటే మనం డబ్లిన్ వైపు చూస్తే చాలు. ఇక్కడ జూలైలో కూడా పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటున 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ 2009లో డబ్లిన్‌లో తెరిచిన డేటా సెంటరు ఈ చల్లగాలిని నమ్ముకునే కట్టారు. ఏసీ యంత్రాల బదులు బయటి గాలినే లోపలికి తోలి సర్వర్లని చల్లబరచడం దాని పద్ధతి. ఆ తర్వాత డేటా సెంటర్లు ఎంతగా పెరిగాయంటే, ఐర్లండు మీటర్ల మీద లెక్కకొచ్చిన విద్యుత్తులో 2023లో 21 శాతం వాటికే ఖర్చయిందని ఈ దేశపు గణాంక కార్యాలయం చెప్పింది. అంత పెద్ద కంపెనీలు లెక్క వేసుకున్న సంగతిని మనం మన బల్ల కింద మర్చిపోతున్నాం.

సరే, ఇంకా ఎనిమిది డిగ్రీలు తేలాలి. రెండో సంగతి, ప్రోసెసరు ఎంత వేడి పుట్టిస్తోందన్నది. ప్రోసెసరు డబ్బా మీద టీడీపీ అని ఒక అంకె ఉంటుంది. టీడీపీ అంటే మనవాళ్ళకి వెంటనే సైకిలు గుర్తొస్తుంది గానీ, ఇక్కడ దాని అర్థం కూలరుని తయారుచేసే వాళ్ళు లెక్కలోకి తీసుకోవలసిన వేడి, వాట్లలో. ఐతే ఈ అంకె ప్రోసెసరు నిజంగా తాగే కరెంటుకి హద్దు కాదు. 2021 చివర్లో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ9-12900కె చూడండి. మామూలు అంకె 125 వాట్లు. పూర్తి జోరు మీదున్నప్పటి అంకె 241 వాట్లని ఇంటెల్ వాళ్ళే ప్రకటించారు. దాదాపు రెండింతలు!

ఆ జోరుని ఎంతసేపు, ఎంతవరకు అనుమతించాలో మదర్‌బోర్డు నిర్ణయిస్తుంది. తమ బోర్డు పరీక్షల్లో ముందుండాలని కొందరు తయారీదార్లు ఆ హద్దుని పెంచి, లేదా ఎత్తేసి అమ్ముతారు. అందుకే ఒకే ప్రోసెసరు ఒక బోర్డు మీద చల్లగానూ, ఇంకో బోర్డు మీద వేడిగానూ ఉంటుంది. మన ఇద్దరబ్బాయిల బోర్డులూ వేరు. కొలిచి చూస్తే మొదటిది 120 వాట్ల దగ్గర ఆగుతోంది, రెండోది 130కి పోతోంది. రెండోదాన్ని కూడా 120కి కడితే నాలుగు డిగ్రీలు దిగింది.

నడిపే ప్రోగ్రాముని బట్టి కూడా వేడి మారుతుంది. పెద్ద పెద్ద ప్రధాన సంఖ్యలు వెతకడానికి పుట్టిన ప్రైమ్95 అనే ప్రోగ్రాము ప్రోసెసరుని పిండేస్తుంది. ఆటలాడేటప్పుడు అందులో సగం వేడి కూడా పుట్టకపోవచ్చు. కాబట్టి "ఫుల్ లోడ్" అన్న మాట ఇద్దరు పరీక్షకులు వాడితే ఇద్దరి అర్థమూ ఒకటే అనుకోకూడదు.

మూడో సంగతి పెట్టె. రెండో అబ్బాయి పెట్టె చూడముచ్చటగా ఉంది. ముందువైపు నల్లటి అద్దం, లోపల రంగురంగుల దీపాలు. గాలి లోపలికి రావడానికి మాత్రం పక్కన చిటికెనవేలు మందాన సందు ఒకటే. లోపలున్న గ్రాఫిక్స్ కార్డు కూడా తన వేడిని అదే పెట్టెలో కక్కుతుంది. అంటే కూలరుకి అందేది హాల్లో ఉన్న గాలి కాదు, అప్పటికే వెచ్చబడ్డ గాలి. పక్కపలక తీసి నడిపితే ఇంకో నాలుగు డిగ్రీలు దిగింది. ఏడు, నాలుగు, నాలుగు, పదిహేను. లెక్క సరిపోయింది. కూలరు రెండిళ్ళలోనూ తన పని తాను ఒకేలా చేసుకుపోతోంది. ఆ తండ్రి కొత్త కూలరు కొనలేదు. పెట్టెని రేడియేటరు దగ్గర్నుంచి జరిపి, ముందు పలక స్థానంలో జల్లెడలా కన్నాలున్న పలక పెట్టించాడు.

చాలామంది పరీక్షకులు పెట్టె అనేదే లేకుండా బల్ల మీద మదర్‌బోర్డు పరిచి పరీక్షిస్తారు. కూలర్లని ఒకదాంతో ఒకటి పోల్చడానికి అది మంచి పద్ధతే. ఆ అంకె మన అద్దాల పెట్టెలో వస్తుందనుకోవడమే పొరపాటు.

ఆ రెండిళ్ళల్లో ప్రోసెసరు ఒకటే కనక అక్కడితో లెక్క తెగింది. ప్రోసెసర్లు వేరైతే ఇంకొన్ని చిక్కులున్నాయి. నూరు వాట్లు అన్నంత మాత్రాన అన్ని నూరు వాట్లూ ఒకటి కావు. పెనం అంతా పరుచుకున్న మంట వేరు, ఒకేచోట సూదిగా తగిలే మంట వేరు. ఏఎండీ వాళ్ళ రైజెన్ 5000 వరుసలో వేడి పుట్టే సిలికాన్ ముక్క సుమారు 80 చదరపు మిల్లీమీటర్లే, పైగా అది ప్రోసెసరు నడిమధ్యలో ఉండదు. నేను చెప్పిన 12900కెలో ముక్క 200 చదరపు మిల్లీమీటర్లు దాటుతుంది. చిన్న ముక్క నుంచి అంతే వేడిని లాగడం కష్టం. అందుకే ఒక ప్రోసెసరు మీద పోటీలో నెగ్గిన కూలరు ఇంకో ప్రోసెసరు మీద రెండో స్థానానికి జారవచ్చు. దీన్ని గమనించే నాక్చువా అనే ఆస్ట్రియా కంపెనీ 2023లో కూలరుని కాస్త పక్కకి జరిపి బిగించే పట్టీలు తెచ్చింది.

తరవాత, సిలికాన్ ముక్కకీ పైనున్న లోహపు మూతకీ మధ్య ఏముందన్నది. 2011లో వచ్చిన ఇంటెల్ శాండీ బ్రిడ్జ్ ప్రోసెసర్లలో అక్కడ టంకం వేసి అతికించారు. 2012లో వచ్చిన ఐవీ బ్రిడ్జ్‌లో టంకం బదులు పేస్టు పెట్టారు. దాంతో కొత్తది తక్కువ కరెంటు తాగుతూ కూడా, జోరు పెంచినప్పుడు పాతదానికంటే వేడిగా కనపడిందని అప్పట్లో పెద్ద గోల జరిగింది. ఆ ఇరుకు దారి మూత లోపల ఉంది. పైన ఎంత పెద్ద కూలరు పెట్టినా లోపలి ఇరుకు పోదు.

మూతకీ కూలరుకీ మధ్య మనం రాసే పేస్టు సంగతీ అంతే. చూడ్డానికి రెండు లోహాలూ అద్దంలా ఉంటాయి గానీ, దగ్గరగా చూస్తే గుంటలూ మిట్టలే. ఆ గుంటల్లో గాలి ఉంటుంది. రాగితో పోలిస్తే గాలి వేడిని పదివేల రెట్లకు పైగా తక్కువగా మోస్తుంది. పేస్టు పని ఆ గాలిని తరిమెయ్యడమే. మరలు సమానంగా బిగించకపోయినా, పేస్టు ఒక మూల చాలకపోయినా రెండు మూడు డిగ్రీలు తేలిగ్గా మారతాయి. ఒకే మనిషి ఒకే కూలరుని విప్పి మళ్ళీ బిగించినా మొదటి అంకె ఖచ్చితంగా రాదు. అందుకే జాగ్రత్తగల పరీక్షకులు రెండు మూడుసార్లు బిగించి సగటు వేస్తారు. రెండు కూలర్ల మధ్య ఒక్క డిగ్రీ తేడా చూపించి ఫలానాది గెలిచిందంటే నేను నమ్మను.

ఇక థర్మామీటరు మాటేమిటి? ప్రోసెసరు లోపల ఉన్నదే దానికి థర్మామీటరు. అది చెప్పే అంకె ఎప్పుడూ నికార్సైన ఉష్ణోగ్రతే అనుకోనక్కరలేదు. 2017లో రైజెన్ 1700ఎక్స్, 1800ఎక్స్ వచ్చినప్పుడు అవి ఉన్నదానికంటే 20 డిగ్రీలు ఎక్కువ చేసి చెప్పేవి. ఫ్యాన్లు తిరిగే తీరు అన్ని రైజెన్లకీ ఒకేలా ఉండాలని ఏఎండీ వాళ్ళే కావాలని కలిపిన అంకె అది. ఎక్స్ లేని మామూలు 1700కి ఆ కలుపుడు లేదు. సంగతి తెలియని వాళ్ళు ఆ రెంటినీ పోల్చి ఎంత తికమకపడి ఉంటారో ఆలోచించండి.

2022లో వచ్చిన రైజెన్ 7000 వరుస ఇంకో వింత. జోరు పనిలో అవి 95 డిగ్రీల దాకా పోయి అక్కడే నిలబడేలా రూపొందించారు. చిన్న కూలరు పెట్టినా 95, పెద్ద కూలరు పెట్టినా 95 రావచ్చు. అలాగని రెండూ ఒకటేనా? కాదు. పెద్ద కూలరుతో అదే 95 దగ్గర ప్రోసెసరు ఎక్కువ వేగంతో పనిచేస్తుంది. అక్కడ డిగ్రీలు చూడకూడదు, పని ఎంతసేపట్లో అయిందో చూడాలి.

ఫ్యాను చప్పుడు కూడా లెక్కలోదే. నిమిషానికి 2000 చుట్లు తిప్పి చల్లగా ఉందంటే సరిపోదు. పక్క గదిలో పసిపిల్ల నిద్రపోవాలి కదా. ఒకే చప్పుడు దగ్గర పోల్చినప్పుడే న్యాయం. నీళ్ళతో పనిచేసే కూలర్లయితే ఎంతసేపు నడిపారన్నదీ అడగాలి. నీళ్ళు వేడెక్కడానికి సమయం తీసుకుంటాయి కనక, ఐదు నిమిషాల పరీక్షలో అవి ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తాయి.

ఇదంతా తీరికున్న వాళ్ళ ముచ్చట అనుకుంటారేమో. బతుకుతెరువుతో ముడిపడ్డ సంగతి ఒకటి చెప్తాను. మా బావగారు, అంటే మా అక్కయ్య భర్త, నరసరావుపేటలో ఫోటో స్టూడియో నడుపుతారు. పెళ్ళిళ్ళ వీడియోలు ఎడిటింగ్ చేసి ఇవ్వడమే ఆయనకి ముఖ్యమైన ఆదాయం. వైశాఖం, జ్యేష్ఠం వచ్చాయంటే రాత్రింబవళ్ళు కంప్యూటరు నడుస్తూనే ఉండాలి. పెళ్ళివారికి చెప్పిన తేదీకి వీడియో ఇవ్వకపోతే బాకీ డబ్బు రాదు, మాటా పోతుంది. పాత కంప్యూటరు మధ్యాహ్నం పూట దానంతటదే ఆగిపోతోందని చెప్పారు. ఫిబ్రవరిలో ఇక్కడ ఒకటి తయారుచేసి, ఊరెళ్ళేటప్పుడు తీసుకెళ్దామనుకున్నాను.

స్వోర్డ్స్‌లో గది 18 డిగ్రీలు. ప్రోసెసరు 120 వాట్లు తాగుతూ గంటసేపు నడిచినా 63 దాటలేదు. అది చూసి సంబరపడి పెట్టె కట్టెయ్యవచ్చు. కానీ ఫోనులో బావగారు ఒక మాటన్నారు. "ఏమయ్యా, అక్కడి చలి కూడా పెట్టెలో పెట్టి తెస్తావా?" అన్నారు. ఎడిటింగు గదిలో ఏసీ లేదు, మే నెల మధ్యాహ్నం ఆ గది 38 డిగ్రీలు ఉంటుంది.

కాగితం మీద లెక్క వేశాను. 63లోంచి 18 తీస్తే 45. అది ఈ యంత్రం గుణం. 38కి 45 కలిపితే 83. సిలికాన్ వేడెక్కిన కొద్దీ అదే పనికి కాస్త ఎక్కువ కరెంటు తాగుతుంది, దానికి రెండు మూడు డిగ్రీలు. రెండు నెలల దుమ్ముకి ఇంకొన్ని. 90 ముంగిట నిలబడినట్టే. అది కాలిపోయేంత వేడేమీ కాదు, ప్రోసెసరు తనని తాను కాపాడుకుంటుంది. కాని నెలల తరబడి రోజంతా అక్కడే నడవాలంటే వెసులుబాటు ఉండాలి కదా.

పెద్ద కూలరు కొనవచ్చు. ఐతే కిలో పైచిలుకు బరువున్న కూలరుని బోర్డుకి వేలాడదీసి విమానంలో పంపితే, దారిలో కుదుపులకి బోర్డే విరగవచ్చు. అందుకని ప్రోసెసరుని 95 వాట్ల దగ్గర కట్టేశాను. 45ని 120తో భాగించి 95తో హెచ్చవేస్తే సుమారు 36. 38కి 36 కలిపితే 74. గంట పట్టే పనికి మూడు నాలుగు నిమిషాలు ఎక్కువ పట్టింది, అంతే. చివరి పాతిక వాట్లు వేడి ఎక్కువా పని తక్కువా ఇస్తాయి. పెట్టె ముందు కడిగి వాడుకునే దుమ్ము జాలీ ఒకటి పెట్టాను. కూలరు విప్పి బట్టల మధ్య విడిగా పెట్టి తీసుకెళ్ళి, అక్కడే కొత్త పేస్టు రాసి బిగించాను. మే నెలలో అక్కయ్యకి ఫోను చేస్తే, మధ్యాహ్నం మూడింటికి తెర మీద 76 ఉందని మేనల్లుడు చదివి చెప్పాడు. ఆ వేసవిలో ఒక్క పెళ్ళి వీడియో కూడా ఆలస్యం కాలేదు.

మనలో చాలామందిమి ఇక్కడ కొన్న వస్తువులు అక్కడికి పట్టుకెళ్తూ ఉంటాం. వస్తువుతోపాటు దాని చుట్టూ ఉన్న గాలి మాత్రం రాదు. కాబట్టి ఎవరైనా కూలరు అంకె చెప్తే మర్యాదగానే నాలుగు ప్రశ్నలు అడగండి. గది ఎన్ని డిగ్రీలు? ప్రోసెసరు ఏది, ఎన్ని వాట్లు తాగుతోంది? పెట్టెలోనా, బల్ల మీదా? ఫ్యాను ఎంత చప్పుడుతో, ఎంతసేపు తిరిగింది? ఈ నాలుగింటికీ జవాబున్న అంకెని మీ ఇంటి లెక్కకి మార్చుకోవచ్చు. జవాబు లేని అంకెని చూసి కూలరు మార్చకండి. ముందు పెట్టెని కాస్త జరిపి, దుమ్ము దులిపి చూడండి. అందులో ఖర్చేమీ లేదు.

మరో వారం మరో విషయంతో కలుద్దాం. అంతవరకు సెలవు.